తాతగారి కీ గడియారం: మిషను మీద "లండన్" అని ఉంది, చేసిందెవరు?

గోదారి_గట్టు · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. మా అమ్మ వాళ్ల నాన్నగారి జేబు గడియారం ఈ సంక్రాంతికి నా చేతికొచ్చింది. నలభై ఏళ్లుగా దేవుడి గూట్లో కుంకుమ భరిణె పక్కనే ఉండేది. దసరాకి బొట్టు పెట్టించుకోవడం తప్ప దానికి ఇంకో పని లేదు.

వెండి కేసు. వెనక మూత తీస్తే లోపల ఇంకో మూత, దానికో చిల్లు. ఆ చిల్లులోంచి నలుపలకల మొన ఒకటి కనబడుతోంది. కీ ఎప్పుడో పోయింది. డయల్ వైపు 12 దగ్గర బందు, 6 దగ్గర చిన్న నాలుక ఉన్నాయి. నాలుకని గోటితో నొక్కితే మిషను మొత్తం తలుపులా బయటికి తెరుచుకుంది. ఊడిపోయిందనుకుని గుండె గుభేల్మంది.

లోపల బంగారు పూత ఉన్న గుండ్రటి పలక, దాని మీద పువ్వులూ తీగలూ చెక్కిన రెక్కలాంటి ముక్క ఉన్నాయి. ఒక పేరు సగం అరిగిపోయింది కానీ చివర్లో "లండన్" మాత్రం శుభ్రంగా చదవొచ్చు. కేసు లోపల ముద్రలు: సింహం, మూడు ధాన్యపు కట్టల మధ్య కత్తి, మనిషి తల, ఏదో ఒక అక్షరం.

మా ఊళ్లో ఒక షాపుకి తీసుకెళ్తే ఆయన ఏదో కీ పెట్టి కుడివైపు తిప్పి చూసి, "బిగుసుకుపోయిందమ్మా, లోపల సెల్ మిషను వేసిస్తా, చక్కగా నడుస్తుంది" అన్నాడు. వెనక్కి తెచ్చేసుకున్నాను. అసలు దీన్ని చేసిందెవరో తెలుసుకోవచ్చా?

పాతసామాను_కొంటాం · శనివారం, రాత్రి 9:52

5 వేలు ఇస్తా మేడమ్. నంబరు ప్రైవేటు మెసేజీలో పెట్టా.

నిర్వాహకుడు · శనివారం, రాత్రి 10:05

కొనుగోళ్ల మాట ఇక్కడొద్దని మీకు ఇది మూడోసారి చెప్పడం. మేడమ్, ఆ మెసేజీకి జవాబివ్వకండి.

ముల్లుమాస్టారు · శనివారం, రాత్రి 11:20

అమ్మాయీ, తెచ్చేసుకుని మంచి పని చేశావు. బెజవాడలో 41 ఏళ్లు ఐగ్లాసు కంటికి బిగించుకుని బతికినవాణ్ని, నా మాట విను. మళ్లీ ఎవరినీ కీ తిప్పనివ్వకు. అది బిగుసుకోలేదు. పాత ఇంగ్లీషు కీ గడియారాలు చాలామటుకు ఎడమవైపు తిప్పాలి. కుడివైపు అసలు తిరగవు, లోపల కుక్క అడ్డంపడుతుంది. (కీతో తిరిగే పళ్లచక్రానికి అడ్డుపడే నాలుకని మా పనిలో కుక్క అనేవాళ్లం.) గట్టిగా తిప్పితే ఆ కుక్కైనా విరుగుతుంది, చెయినైనా తెగుతుంది.

చెయిను అన్నానని కంగారు పడకు. పలకల మధ్య పక్కనుంచి, టార్చి వేసి చూడు. ఒక పక్క డబ్బాలాంటి డ్రమ్ము, ఇంకో పక్క బొంగరం ఆకారంలో మెట్లుమెట్లుగా ఉన్న ముక్క కనబడాలి. రెండిటి మధ్యా సన్నటి చెయిను ఉందా? ఉంటే ఫ్యూజీ మిషను, ఆ బొంగరం ముక్క పేరే ఫ్యూజీ. ఉందో లేదో చెప్పు, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

గోదారి_గట్టు · ఆదివారం, ఉదయం 7:15

ఉంది మాస్టారూ! అచ్చం సైకిల్ చెయిను లాగే ఉంది. మందం మాత్రం గుర్రపు వెంట్రుకంత. దీన్ని మనుషులు చేశారంటే నమ్మకం కలగడం లేదు. చెయిను మొత్తం డ్రమ్ము మీదే చుట్టుకుని ఉంది, బొంగరం మీద ఒక్క చుట్టు కూడా లేదు.

ముల్లుమాస్టారు · ఆదివారం, ఉదయం 8:02

అంటే స్ప్రింగు పూర్తిగా దిగిపోయి ఉంది. చెయిను తెగలేదు, నీ అదృష్టం.

అదెందుకో చెప్తాను. డ్రమ్ములో ఉన్న మెయిన్ స్ప్రింగు కీ ఇచ్చిన కొత్తలో గట్టిగా లాగుతుంది, దిగేకొద్దీ నీరసపడుతుంది. ఆ బలం నేరుగా చక్రాలకి వెళ్తే గడియారం పొద్దున పరుగెత్తుతుంది, రాత్రికి కాళ్లీడుస్తుంది. దానికి విరుగుడుగా బొంగరానికి జాటీ చుట్టినట్టు చెయిను చుట్టారు. కీ నిండా ఇచ్చినప్పుడు చెయిను బొంగరం సన్న కొస దగ్గర లాగుతుంది, దిగిపోయేకొద్దీ వెడల్పు వైపుకి జరుగుతుంది. తలుపుని బందుల దగ్గర తోస్తే ఎంత బలం పెట్టినా కదలదు, గడియ దగ్గర తోస్తే వేలితో తెరుచుకుంటుంది, చూశావా? అదే లెక్క. స్ప్రింగు బలంగా ఉన్నప్పుడు బందుల దగ్గర, నీరసపడ్డాక గడియ దగ్గర. పొద్దున్నుంచి రాత్రి దాకా చక్రానికి అందే బలం ఒకటే.

ఇంకో తమాషా ఉంది. కీ ఇస్తున్నంతసేపూ బొంగరం వెనక్కి తిరుగుతుంది కదా, అంతసేపూ చక్రాలకి బలం ఆగిపోవాలి. ఆగకుండా ఫ్యూజీ లోపలే ఇంకో చిన్న స్ప్రింగు పెట్టారు. అది జాన్ హారిసన్ బుర్ర. సముద్రం మీద రేఖాంశం లెక్కకట్టే గడియారం చేసిన వడ్రంగి ఆయనే.

ఎవరైనా స్ప్రింగు బలం దించకుండా మిషను విప్పాడో, చక్రాలన్నీ గిర్రున తిరిగి పళ్లు రాలతాయి, చెయిను కొరడాలా కొడుతుంది. నా శిష్యుడొకడు ఆ పని చేసి రెండు రోజులు నాకు మొహం చూపించలేదు.

కోవెంట్రీ_కాపురం · ఆదివారం, మధ్యాహ్నం 1:30

ముద్రల సంగతి నేను చెప్తానండీ. పన్నెండేళ్లుగా ఇంగ్లండులో, ఈ కోవెంట్రీలోనే ఉంటున్నాం, మా వీధి ఒకప్పుడు గడియారాల వీధి.

సింహం అంటే స్టెర్లింగ్ వెండి. ధాన్యపు కట్టలూ కత్తీ చెస్టర్ పట్నం ముద్ర. లండన్‌లో పరీక్ష చేయించి ఉంటే చిరుతపులి తల ఉండేది, బర్మింగ్‌హామ్ అయితే లంగరు. మనిషి తల సుంకం కట్టినందుకు గుర్తు, 1784 నుంచి 1890 దాకా మాత్రమే వేశారు. ఆ తల ఎటు చూస్తోంది? ఎడమకైతే విక్టోరియా రాణి. అక్షరం ఫోటో దగ్గరగా తీసి పెట్టండి, సంవత్సరం తేలుతుంది.

ఒక్కటి గమనించారా? పలక మీద లండన్, కేసు మీద చెస్టర్. అసలు కథ అక్కడే ఉంది.

గోదారి_గట్టు · ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఎడమకే చూస్తోంది! ముక్కు కూడా తెలుస్తోంది. ఫోటో పెట్టాను. అయితే లండన్ అన్నది అబద్ధమా? దొంగ సరుకా మా తాతగారిది?

కోవెంట్రీ_కాపురం · ఆదివారం, సాయంత్రం 4:45

అక్షరాన్ని చార్టుతో పోల్చాను, 1860ల నడిమికి వస్తోంది. దొంగ సరుకేమీ కాదు, కంగారు పడకండి. పట్టుచీర మీద కొట్టువాడి లేబుల్ ఉంటుంది కానీ నేసినవాడి పేరు ఉంటుందా? ఇదీ అంతే. ఆ రోజుల్లో పలక మీద చెక్కిన పేరు చాలాసార్లు అమ్మినవాడిది, మహా అయితే ఆఖర్న సరిచూసినవాడిది.

మిషను పుట్టింది మాత్రం చాలావరకు ప్రెస్కాట్ అనే ఊళ్లో. లివర్‌పూల్‌కి తూర్పున ఉంటుంది, చాలా చిన్న ఊరు. అక్కడి ఇళ్లలోనే పలకలూ, చక్రాలూ, ఇరుసులూ తయారయ్యేవి. ఒక ఇంటివాడు పినియన్లే (చిన్న పళ్లచక్రాలు) చేసేవాడు, పక్కింటివాడు ఫ్యూజీ మెట్లే కోసేవాడు. ఇంకో ఇంట్లో ఆకురాళ్లు. ప్రెస్కాట్, వారింగ్టన్ చుట్టుపక్కల చేసిన ఆకురాళ్లకి యూరప్ అంతా పేరుండేది. పినియన్ పళ్లని విడిగా కోసే బాధ లేకుండా, ఉక్కు తీగనే పళ్ల ఆకారం ఉన్న అచ్చులోంచి లాగేవారు. కావలసినంత ముక్క నరుక్కుంటే పినియన్ సగం తయారైనట్టే.

అలా కూర్చిన కోరా మిషను లండన్‌లోని క్లార్కెన్‌వెల్‌కో, లివర్‌పూల్‌కో, మా కోవెంట్రీకో వెళ్లేది. అక్కడ రాళ్లు పొదిగేవాడు వేరు, ఎస్కేప్‌మెంట్ (చక్రాల పరుగుని ఆపి ఆపి వదిలే భాగం) అమర్చేవాడు వేరు, చెక్కేవాడు వేరు, పూత వేసేవాడు వేరు, హెయిర్ స్ప్రింగు దిద్దేవాడు వేరు. పూత వేసేవాళ్ల సంగతి తలుచుకుంటే బాధేస్తుంది. బంగారాన్ని పాదరసంలో కరిగించి ఇత్తడికి పూసి నిప్పు మీద కాల్చేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం మిగిలేది, ఆ ఆవిరి మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయేది. మీ పలక మీద మెరుపు అలా వచ్చిందే.

ఇందూరు_పోరడు · ఆదివారం, రాత్రి 8:20

అక్కా, మస్తు చెప్పిన్రు. నాకొక డౌటు. గీ స్ప్రింగుల ఉక్కు ఎక్కడిది? మాది నిజామాబాద్ దిక్కు. మా జిల్లల కోనసముద్రంల ఉక్కు ముద్దలు చేసేటోళ్లు, పర్షియా వర్తకులు ఆడికే వచ్చి మకాం పెట్టి కొనుక్కపోయేటోళ్లు. గా ఉక్కే ఇంగ్లండుకు పోయి స్ప్రింగులయిందని ఒకాయన వీడియోల చెప్పిండు.

ముల్లుమాస్టారు · ఆదివారం, రాత్రి 9:05

తమ్ముడూ, కోనసముద్రం ఉక్కు కత్తులకి వెళ్లింది. గడియారం స్ప్రింగు ఉక్కు దారి వేరు. షెఫీల్డ్ పక్క బెంజమిన్ హంట్స్‌మన్ అని ఒకాయన ఉండేవాడు. ఆయన గోడ గడియారాలు చేసేవాడే. దొరికే ఉక్కులో ఒక చోట గట్టి, ఒక చోట మెత్త ఉండి స్ప్రింగులు విరుగుతున్నాయని విసిగిపోయి, 1740లలో ఉక్కుని మట్టి మూసలో పూర్తిగా కరిగించి అచ్చులో పోయడం మొదలుపెట్టాడు. మనవాళ్లు మూసలోనే మెల్లగా చల్లారనిచ్చేవాళ్లు, అందుకే ఆ కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు వచ్చేవి. స్ప్రింగుకి ఆ గీతలు పనికిరావు, అంతా ఒకే తీరున ఉండాలి. మూస ఇద్దరిదీ, పని మాత్రం ఎవరిది వారిది.

ఇందూరు_పోరడు · ఆదివారం, రాత్రి 9:12

సమజైంది మాస్టారూ. వీడియో ఆయనకు గీ లింకు పంపుత.

పెన్సిల్వేనియా_పిల్లోడు · సోమవారం, ఉదయం 6:50

ఇదంతా వింటే నాకు ఒకటే అనిపిస్తోంది. ఇంతమంది చేతులు మారితే ఒక గడియారం పార్టు ఇంకోదానికి సరిపోదు కదా? అందుకే అమెరికావాళ్లు ఇంగ్లండుని కొట్టేశారు. ఏరన్ డెన్నిసన్ వాళ్లు 1850లో బోస్టన్ పక్కన మొదలుపెట్టి, 1854లో వాల్తమ్‌కి మారి, మిషన్ల మీద ఒకే కొలతతో పార్టులు తీశారు. నా దగ్గర వాల్తమ్, ఎల్జిన్, హామిల్టన్ అనే అమెరికా కంపెనీలవి కలిపి పదకొండున్నాయి. సీరియల్ నంబరు కొడితే ఏ సంవత్సరం, ఎన్ని జ్యూయెల్స్ అన్నీ వచ్చేస్తాయి. ఇంగ్లీషు గడియారాల్లో ఆ సుఖం లేదు. కళ ఉంటే ఉండొచ్చు, పద్ధతి లేదు.

ముల్లుమాస్టారు · సోమవారం, ఉదయం 8:30

బాబూ, వాల్తమ్‌లో స్టాఫ్ (అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు) విరిగితే డబ్బాలోంచి ఇంకోటి తీసి వేసేవాణ్ని, పది నిమిషాల పని. ఇంగ్లీషుదానికి లేతులో ఒక పూట కూర్చుని తిరగబట్టాలి. కూలి ఎక్కువ అడిగితే గిరాకీ మొహం మాడ్చేది. నువ్వన్నది నిజమే. కానీ పద్ధతి లేదని మాత్రం అనకు. నీ హామిల్టన్ ఎంత సైజు?

పెన్సిల్వేనియా_పిల్లోడు · సోమవారం, ఉదయం 8:41

16 సైజు. రైల్‌రోడ్ గ్రేడ్, అంటే రైల్వేవాళ్లు ఒప్పుకునే రకం.

ముల్లుమాస్టారు · సోమవారం, ఉదయం 9:15

ఆ 16 ఎక్కడినుంచి వచ్చిందనుకుంటున్నావు? అది ప్రెస్కాట్ వాళ్ల కొలబద్ద, పేరు లాంకషైర్ గేజి. ఒక అంగుళం, దాని మీద 5/30 అంగుళం, ఆపైన సైజు అంకె ఎంతైతే అన్ని ముప్పయ్యో వంతులు. 16 అంటే 1 + 5/30 + 16/30, వెరసి 1.7 అంగుళాలు. మీ అమెరికావాళ్లు ఫ్యాక్టరీ పెట్టారు గానీ బద్ద మాత్రం ఆ ఇళ్లలోంచే పట్టుకెళ్లారు. నీ పదకొండు గడియారాల్నీ ఆ పల్లెటూరి బద్దతోనే కొలుస్తున్నావు నాయనా.

పెన్సిల్వేనియా_పిల్లోడు · సోమవారం, ఉదయం 9:20

😄 ఒప్పుకున్నా బాబాయి గారూ. ఇన్నేళ్లలో ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

బిట్రగుంట_లోకో · సోమవారం, మధ్యాహ్నం 12:10

రైల్‌రోడ్ గ్రేడ్ మాట వచ్చింది కాబట్టి నాదో ముక్క. 1891 ఏప్రిల్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో కిప్టన్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్నాయి. ఒక బండి సిబ్బంది గడియారం కాసేపు ఆగి మళ్లీ నడిచిందనీ, ఆ నాలుగు నిమిషాల తేడాయే కొంప ముంచిందనీ చెప్తారు. ఆ తర్వాత వెబ్ బాల్ అనే నగల వర్తకుడికి రైల్వే గడియారాల తనిఖీ అప్పగించారు. వారానికి 30 సెకన్లకి మించి తేడా రాకూడదన్న కట్టుబాటు అలా స్థిరపడిందే. మా ఇంట్లో మూడు తరాలు రైల్వేనే. చిన్నప్పుడు ఈ కథ విని నిద్రపోయేవాణ్ని.

అసలు ప్రశ్న: మా ముత్తాత గడియారం డయల్ మీద "పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు" అని ఉంది. మౌంట్ రోడ్ కంపెనీ. అది మద్రాసులోనే చేశారా? మా నాన్న అవునని పందెం కాశాడు.

ముల్లుమాస్టారు · సోమవారం, మధ్యాహ్నం 1:00

మీ నాన్నగారు ఓడిపోయినట్టే. ఓర్ వాళ్లు మద్రాసులో పెద్ద షాపు, బాగుచెయ్యడంలో దిట్టలు. కానీ ఆ పేరుతో నా బల్ల మీదకి వచ్చిన జేబు గడియారాలన్నీ మిషను స్విస్సువే. పైన చెప్పిన పట్టుచీర లేబుల్ సామెత ఇక్కడా వర్తిస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకీ జనం మూగే గడియారం మీద కుక్ అండ్ కెల్వీ, కలకత్తా అని లేదూ? అదీ ఇంగ్లండు మిషనే.

గోదారి_గట్టు · సోమవారం, రాత్రి 9:30

నేను మళ్లీ ఆ చెయిను దగ్గరికే వస్తున్నా, ఏమనుకోకండి. కాలేజీలో మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను (నేను బోటనీ చెప్తాను). ఒక్కో లంకె నడుం సన్నబడ్డ ఎనిమిది అంకెలా ఉంది. ఒక లంకె, దాని మీద రెండు, మళ్లీ ఒకటి, మధ్యలో మేకు. ప్రతి మేకు తలా సుత్తితో చదును చేసి ఉంది. ఒక అంగుళం లెక్కపెట్టేసరికే కళ్లు నొప్పెట్టాయి. ఎవరు చేశారండీ ఇది? ఇదీ ప్రెస్కాటేనా?

కోవెంట్రీ_కాపురం · సోమవారం, రాత్రి 11:50

ఈ ప్రశ్న వస్తుందనే చూస్తున్నాను.

చెయిన్ల పని ఇంగ్లండు దక్షిణ తీరంలోని క్రైస్ట్‌చర్చ్ అనే ఊరిది. 1790లో రాబర్ట్ హార్వే కాక్స్ అనే ఆయన అక్కడ మొదలుపెట్టాడు. పని చేసింది ఆడవాళ్లు, చిన్న పిల్లలు. ఊరి అనాథాశ్రమంలో, అంటే గతిలేనివాళ్లని పెట్టి పని చేయించుకునే వర్క్‌హౌస్‌లో, ఆడపిల్లలకి ఇదే నేర్పించేవారు. ఉక్కు రేకులోంచి లంకెలు గుద్దడం, చిల్లులు కలిపి సన్నటి తీగ దూర్చడం, నరకడం, కొట్టడం. మీరు మైక్రోస్కోపులో చూసింది వాళ్లు కిటికీ వెలుతురులో చేశారు. చాలామందికి చూపు దెబ్బతింది.

ఫ్యూజీ చెయిన్లన్నీ ఆ ఒక్క ఊరివేనని అనను, స్విట్జర్లాండులోనూ చేసేవారు. కానీ 1860లలో ఇంగ్లీషు మిషను అంటే క్రైస్ట్‌చర్చ్‌కే ఎక్కువ అవకాశం. ఏ గడియారం మీదా ఆ పిల్లల పేర్లు లేవు. హారిసన్ పేరు అందరికీ తెలుసు, లండన్ గడియారాల మేస్త్రీ టాంపియన్‌ని వెస్ట్‌మిన్‌స్టర్ అబేలో పాతిపెట్టారు, పారిస్ మేస్త్రీ బ్రెగే పేరు చెప్పుకుని ఇప్పటికీ వాచీలు అమ్ముతున్నారు. నాకు మాత్రం ఆ సుత్తి పట్టుకున్న పిల్ల ఎవరో తెలుసుకోవాలని ఉంటుంది.

ఇందూరు_పోరడు · మంగళవారం, ఉదయం 7:05

అక్కా, పొద్దుగాల్నే మనసు ఖరాబ్ చేసినవ్. మా నాయనమ్మ పదేండ్లప్పుడే బీడీలు చుట్టింది. గదే యాదికొచ్చింది.

పెన్సిల్వేనియా_పిల్లోడు · మంగళవారం, ఉదయం 7:40

బ్రెగే గురించి ఒక్క మాట. అందరూ ఆయన కనిపెట్టిన టూర్బియాన్ అనే తిరిగే అమరిక (1801 పేటెంట్) గురించే మాట్లాడతారు. నాకు నచ్చేది ఆయన రహస్య సంతకం. పేరు పెట్టి నకిలీలు అమ్ముతున్నారని డయల్ మీద కంటికి ఆనని సన్నటి గీతల్లో పేరు గీయించాడు. వెలుతురు వాలుగా పడితేనే తెలుస్తుంది. ఆ రోజుల్లో కూడా బ్రాండు బాధ తప్పలేదన్నమాట.

అవునూ, మేడమ్ గారి గడియారం ఎస్కేప్‌మెంట్ లివరా, వర్జా? ఎవరూ అడగలేదేం?

ముల్లుమాస్టారు · మంగళవారం, ఉదయం 9:00

1860ల సరుకు కాబట్టి లివరే అయ్యుండాలి. రూఢి చేసుకోవాలంటే పక్కనుంచి చూస్తే సరి. కిరీటంలా పళ్లున్న చక్రం నిలువుగా నిలబడి, బ్యాలెన్స్ ఇరుసు మీది రెండు రెక్కల్ని మార్చి మార్చి తోస్తుంటే వర్జి. అందులో బ్యాలెన్స్‌కి విశ్రాంతి ఉండదు, చక్రం ఎప్పుడూ దాన్ని తోస్తూనే ఉంటుంది. లివర్‌లో ఒక్క తోపు తోసి వదిలేస్తుంది, మిగతా ఊపు బ్యాలెన్స్‌ది. ఉయ్యాల ఊపేవాడు ప్రతిసారీ ఒక్క తోపు తోసి చేతులు తీసేస్తాడే, అలా. లండన్‌లో థామస్ మడ్జ్ 1750లలో ఆ కిటుకు కనిపెట్టి, ఒకటి రెండు చేసి వదిలేశాడు. అంత సన్నటి పని ఎవరు చేస్తారులే అనుకున్నట్టుంది. ఊరూరా వ్యాపించడానికి ఇంకో యాభై అరవై ఏళ్లు పట్టింది.

ఇంగ్లీషు లివర్ ఎస్కేప్ వీల్ పళ్లు సూదిమొనల్లా ఉంటాయి, స్విస్సువాళ్లవి బూటు మడమలా. అది చూసే సగం గడియారాల జాతకం చెప్పేవాళ్లం.

అమ్మాయీ, ఈ ఆదివారం బెజవాడ రాగలవా? దుకాణం మూసేశాను కానీ సామాను ఉంచుకున్నాను. చెయ్యి కాస్త వణుకుతోంది. టీ తాగకుండా కూర్చుంటే గంటసేపు ఆగుతుంది. డయల్ తీసి చూద్దాం. చేసినవాడు తన పేరు పైన పెట్టుకోలేడు గానీ, డయల్ కింద పొడి అక్షరాల ముద్ర కొట్టుకునేవాడు.

గోదారి_గట్టు · ఆదివారం, రాత్రి 10:20

అందరూ అడుగుతున్నారని బండి దిగగానే రాస్తున్నా.

మాస్టారి ఇంటికి పదింటికి వెళ్లాను. అమ్మగారు పెసరట్లు పెట్టారు, మాస్టారు నిజంగానే టీ ముట్టలేదు. డయల్ వెనక రాగి కాళ్లకి గుచ్చిన సన్నటి మేకుల్ని లాగి డయల్ ఎత్తారు. వెనకంతా తెల్ల ఎనామిల్, వెంట్రుకంత పగులు ఒకటి ఉంది. కింద ఇత్తడి పలక మీద రెండు పొడి అక్షరాల ముద్ర, పక్కన "14". మాస్టారు నా చేతికి స్కేలిచ్చి కొలవమన్నారు. పలక అడ్డం దాదాపు నలభై ఒకటిన్నర మిల్లీమీటర్లు. 1 + 5/30 + 14/30 లెక్క కాగితం మీద వేస్తే సరిగ్గా అదే వచ్చింది. ఎగిరి గంతేశాను. ఆ రెండక్షరాల మనిషి ఎవరో ఇంకా తేలలేదు. కోవెంట్రీ అక్క ఫోటో తీసుకుని ప్రెస్కాట్ మ్యూజియం వాళ్లని అడుగుతానన్నారు.

ఇంకోటి. కేసు లోపలి మూత వెనక సూదితో గీసిన గీతలు బోలెడు. ఇంగ్లీషు అంకెలు, చదవరాని సంతకాలు. వాటి మధ్య తెలుగులో "చెయిను అతుకు", కింద 1938. మాస్టారు ఐగ్లాసు పెట్టుకుని చెయినంతా వేళ్ల మధ్య జరుపుతూ వెతికారు. దొరికింది. ఒకచోట ఒక మేకు తల మిగతావాటికంటే కాస్త గుండ్రంగా ఉంది. "వీడెవడో బాగా చేశాడే" అన్నారు, అంతే. తర్వాత పది నిమిషాలు మాట్లాడలేదు.

పెన్సిల్వేనియా_పిల్లోడు · ఆదివారం, రాత్రి 10:55

ఒళ్లు జలదరించింది. లింకన్ గడియారం సంగతి గుర్తొచ్చింది. అదీ లివర్‌పూల్ మిషనే, ఇల్లినాయిలో ఒక నగల కొట్టులో కొన్నది. 1861 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో జోనాథన్ డిల్లన్ అనే రిపేరువాడి బల్ల మీద ఉండగా ఫోర్ట్ సమ్టర్ మీద దాడి జరిగిన వార్త వచ్చింది, అమెరికా అంతర్యుద్ధం మొదలైంది ఆ కోట దగ్గరే. ఆయన డయల్ తీసి కింద ఇత్తడి మీద ఆ వార్త, తారీఖు, తన పేరు గీసి మూసేశాడు. లింకన్‌కి తెలియదు. ముసలితనంలో 1906లో పత్రికకి చెప్పాడు. 2009లో స్మిత్సోనియన్ వాళ్లు తెరిచి చూస్తే నిజంగానే ఉంది. మాటలు మాత్రం ఆయన గుర్తుపెట్టుకున్నవి కావు. పక్కనే తర్వాతెవరో గీసిన గీతలు కూడా ఉన్నాయి.

బిట్రగుంట_లోకో · సోమవారం, ఉదయం 6:30

మాస్టారు కూడా గీశారా మరి?

పెన్సిల్వేనియా_పిల్లోడు · సోమవారం, ఉదయం 6:48

వద్దు వద్దు. ఈ రోజుల్లో గీయకూడదు. విలువ పడిపోతుంది. మ్యూజియంలవాళ్లు చీటీ రాసి డబ్బాలో పెడతారు.

ముల్లుమాస్టారు · సోమవారం, ఉదయం 8:10

చీటీని చెదలు తింటుంది.

గోదారి_గట్టు · సోమవారం, ఉదయం 9:00

గీయమని నేనే అడిగాను. ఎలాగూ అమ్మేది లేదు. 1938 కింద, చిన్నగా, తారీఖూ "నూనె" అన్న మాటా గీశారు. పేరు వేయమంటే వేయలేదు.

నూనె వేసి, కొత్త కీ ఇచ్చి, ఎడమవైపు తిప్పడం నా చేతే చేయించారు. ఏడు చుట్లకి ఆగింది. చెయిను చివరికొచ్చి అడ్డు నాలుకని ఎత్తుతుందనీ, అక్కడితో ఆపాలనీ చెప్పారు. నిన్న సాయంత్రం నుంచి నడుస్తోంది. అమ్మ పక్కన పెట్టుకుని పడుకుంది.

ఒక సందేహం మాస్టారూ. పొద్దుటికి నాలుగు నిమిషాలు ముందుకెళ్లింది. రెక్క మీద ఉన్న చిన్న ముల్లు ఎటు జరపాలి?

ముల్లుమాస్టారు · సోమవారం, ఉదయం 9:25

స్లో అని రాసి ఉన్న వైపు, వెంట్రుకవాసి. ఎక్కువ జరపకు. జరిపాక రెండు రోజులు చూసి మళ్లీ రాయి.